సొట్ట చూశాక...

భోగాపురం దాటాక జాతీయ రహదారి పక్కన ఏదో ఒక టీకొట్టు ముందు లారీ ఆగుతుంది. డ్రైవరు టీ గ్లాసు అందుకునేలోపు క్లీనరు ఇనుపరాడ్డు పట్టుకుని బండి చుట్టూ ఓ రౌండు కొడతాడు. ఒక్కో టైరునీ 'ఠప్' మని మోదుతాడు. ఏది గట్టిగా ఉందో, ఏది గాలి దిగిపోయిందో చెవికే తెలిసిపోతుంది.

ఆ రోడ్డుకి దగ్గర్లోనే ఇప్పుడు 3.8 కిలోమీటర్ల రన్‌వే పడింది. 2026 జనవరి 4న పరీక్ష కోసం దానిమీద తొలి విమానం దిగింది. (విమానాలతో ఈ ప్రాంతానికి చుట్టరికం కొత్తేం కాదు. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024లో శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు కేంద్ర విమానయాన మంత్రులయ్యారు. విమానాశ్రయ నిర్మాణం చేపట్టిన జీఎంఆర్ అధినేతదీ రాజామే!) విమానాశ్రయం అంటే ఉద్యోగాలు. ఊళ్లో కుర్రాళ్లకు దొరికేవి పైలట్ కొలువులేం కావు. సామాన్లు ఎక్కించాలి, మెట్లబండి తోలాలి, ట్రాక్టరు నడపాలి. ఆ పనుల్లో క్లీనరు బుద్ధే కావాలి.

ఎందుకంటారా? మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే విమానం దిగి మళ్లీ లేవడానికి ఉండే వ్యవధి అరగంట అటూ ఇటూ. ఆ కాస్త సమయంలోనే జనం దిగాలి, పెట్టెలు దించాలి, ఊడ్చాలి, ఇంధనం పట్టాలి, మళ్లీ జనం ఎక్కాలి. ఈ హడావుడి మధ్యే పైలటో ఇంజినీరో విమానం చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. ముక్కు దగ్గర గాలివేగాన్ని కొలిచే సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో పురుగు గూడు పెట్టినా ప్రమాదమే. టైర్ల మీద కోతలు, చక్రాల దగ్గర చమురు కారిన జాడలు చూస్తారు. ఇంజిన్ ముందు ఫ్యాను రెక్కల అంచులు పరికిస్తారు. రన్‌వే మీద చిన్న రాయి లోపలికి పోయినా అక్కడ పంటిగాటులా కనబడుతుంది. ఇక పక్షి తగిలిందంటే చెప్పేదేముంది! 2025 సెప్టెంబర్ 18న విశాఖ నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం పక్షి తగిలిందన్న అనుమానంతోనే కాసేపటికి వెనక్కి వచ్చేసింది.

గాటో సొట్టో కనిపించినంత మాత్రాన విమానాన్ని మూలన పెట్టేయరు. పొడవు, లోతు కొలుస్తారు. తయారీదారు పుస్తకంలో ఎంతవరకు ఫర్వాలేదో రాసి ఉంటుంది. ఆ లోపే ఉంటే పుస్తకంలో నమోదు చేసి పంపేస్తారు. రెక్క అంచున గాటు పడితే అక్కడి నుంచి పగులు పాకకుండా నున్నగా అరగదీస్తారు. హద్దు దాటితే మాత్రం విమానం కదలదు. ప్రయాణికులు గడియారం చూసుకుంటూ తిట్టుకునే 'సాంకేతిక కారణాలు' చాలాసార్లు ఇవే. కొత్తరకం విమానాల్లో లోహం బదులు కార్బన్ పోగుల పొరలు వాడుతున్నారు. వీటితో ఓ చిక్కుంది. బండి గుద్దినా పైకి గీతే కనబడొచ్చు, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అప్పుడు ఇంజినీరు ఏం చేస్తాడో తెలుసా? నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి వింటాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అచ్చం అలాగే. బోలుగా మోగిందా, మరింత లోతైన పరీక్షలకు పంపాల్సిందే.

ఇంతకీ అసలు ప్రమాదం సొట్టతో కాదు, చూసి ఊరుకోవడంతో. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం 24 వేల అడుగుల ఎత్తున ఎగురుతుండగా పైకప్పు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఓ ఎయిర్‌హోస్టెస్ గాల్లో కలిసిపోయింది. అప్పటికే ఆ విమానం దాదాపు 90 వేల సార్లు ఎగిరింది. ఆ రోజు పొద్దుట్నుంచీ దీవుల మధ్య తిరుగుతూనే ఉంది. చీకట్లో ఓసారి చుట్టూ చూసిందే తప్ప, తర్వాతి ట్రిప్పుల మధ్య ఎవరూ బయట తిరిగి చూడలేదు. కంపెనీ నిబంధన కూడా అడగలేదు. ఎక్కేటప్పుడు తలుపు పక్కన పగులును ఓ ప్రయాణికురాలు చూసింది. చెప్పలేదు. ఇంతమంది సిబ్బంది ఉండగా మనకెందుకని ఎవరికైనా అనిపిస్తుంది మరి.

డబ్బు పెట్టి టికెట్టు కొన్న మనిషికే నోరు పెగలనప్పుడు, కింద పనిచేసే కుర్రాడి సంగతేంటి? 2005 డిసెంబర్ 26న అమెరికాలోని సియాటెల్‌లో సామాన్ల బండి అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానాన్ని గీరుకుంది. తోలినవాడు ఎవరికీ చెప్పలేదు. విమానం 26 వేల అడుగులకు చేరాక ఆ చోట అడుగు పొడవున చిల్లు పడింది. క్యాబిన్లో గాలి పీడనం పడిపోయి ఆక్సిజన్ మాస్కులు వేలాడాయి. పైలట్ వెనక్కి తిప్పి క్షేమంగా దించాడు కాబట్టి సరిపోయింది.

అతను దుర్మార్గుడేం కాదు. చెబితే ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. మన దగ్గర ఈ పనులు చాలావరకు కాంట్రాక్టు మీద జరిగేవే. బండి తగిలిన కుర్రాడు "ఏటైపోద్దిలే, చిన్న గీతే కదా!" అనుకుంటాడా, పరుగున వెళ్లి సూపర్‌వైజరును పిలుచుకొస్తాడా అన్నది ఆ కుర్రాడి మంచితనం మీద ఒక్కటే ఆధారపడి లేదు. కిందటిసారి నిజం చెప్పినవాడికి ఆ సూపర్‌వైజరు ఏం చేశాడో కుర్రాళ్లందరికీ తెలిసే ఉంటుంది.