ట్రంపెట్‌ను పక్కన పెట్టి ‘సందేశం అదే కదా’ అంటే సరిపోదు

‘సందేశం మారలేదు కదా, బాణీ మారితే ఏం పోయింది?’ చర్చిల్లో పాట మారినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉంటాం. పైకి ఎంతో పెద్దరికంగా ఉంటుంది, ఆ తర్వాత ఇంకెవరూ నోరెత్తరు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి చెందిన ‘ఓ.సి. సూపర్‌టోన్స్’ అనే క్రైస్తవ స్కా బృందం 2000లో ‘లౌడ్ అండ్ క్లియర్’ ఆల్బం తెచ్చినప్పుడు, గొడవపడిన అభిమానులకూ ఇదే మాట చెప్పి నోరు మూయించారు. ఉద్యోగం మీద నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆ జవాబు అప్పుడూ నాకు మింగుడు పడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

స్కా పేరు వినని పాఠకులకు ముందు అదేమిటో చెప్పాలి. 1950ల చివర్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టిన సంగీతం అది, జనం ఆడటానికి పుట్టింది. చేత్తో నాలుగు దెబ్బల తాళం వేస్తున్నారనుకోండి. దెబ్బ పడిన చోట గిటార్ పలకదు. దెబ్బకీ దెబ్బకీ నడుమ తీగల మీద ‘చక్’మని ఒక్కసారి మీటి, ఆ శబ్దం సాగకుండా వెంటనే వేళ్లతో నొక్కేస్తారు. కింద బేస్ గిటార్ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. ఆ పొట్టి పొట్టి ‘చక్‌’ల మధ్య బోలెడంత ఖాళీ మిగులుతుంది. ‘హార్న్స్’ అని పిలిచే ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ కలిసికట్టుగా దూకేది ఆ ఖాళీలోకే. గాయకుడు ఒక పాదం పాడి ఊపిరి తీసుకునేలోగా అవి అందుకుని బదులిస్తాయి. విన్నవాడి కాళ్లు నేల మీద నిలవవు.

1990ల్లో ఈ సంగీతం అమెరికా కుర్రకారును ఊపేసింది. ‘నో డౌట్’, ‘మైటీ మైటీ బాస్‌టోన్స్’ వంటి బృందాలు రేడియోల్లో మోగుతున్న కాలం. చర్చి యువతలోనూ ఆ గాలి వీచింది. ఆరెంజ్ కౌంటీ నుంచి సూపర్‌టోన్స్, డెన్వర్ నుంచి ‘ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ’, డెట్రాయిట్ నుంచి ‘ఇన్‌సైడర్జ్’ వచ్చాయి. సూపర్‌టోన్స్ తొలి ఆల్బం 1996లో, రెండోది 1997లో, మూడోది ‘చేజ్ ద సన్’ 1999లో విడుదలయ్యాయి.

మా నాన్న బాపట్ల వైపు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. పెళ్లి ఊరేగింపుల్లో సినిమా పాటలు, డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్‌తో రాత్రంతా వీధులు తిరుగుతూ కీర్తనలు. మంచుకి ట్రంపెట్ చల్లబడితే శ్రుతి దిగుతుందని, ఇంటికీ ఇంటికీ మధ్య మౌత్‌పీస్ ఊడదీసి పిడికిట్లో పెట్టుకుని నడిచేవాడు. పెదవి వాచిన మర్నాడు గంజి కూడా బాగా చల్లార్చుకుని తాగేవాడు. ఆ ఇంట్లో పెరిగిన చెవులు నావి. కాలిఫోర్నియాలో మా చర్చి యువజన కూటమికి వచ్చే ఒక కుర్రాడు కారులో ‘చేజ్ ద సన్’ పెట్టినప్పుడు పాట మాటలు నాకు సగం కూడా అందలేదు. ట్రాంబోన్ మాత్రం ప్రతి మలుపూ అందింది.

ఆ కుర్రాడు కూడా ట్రాంబోన్ వాయించేవాడు, వాళ్ల హైస్కూలు బ్యాండులో. అమెరికాలో చాలా హైస్కూళ్లకు సొంత బ్యాండు ఉంటుంది. ఫుట్‌బాల్ ఆటల దగ్గర యూనిఫాం వేసుకుని కవాతు చేస్తూ వాయిస్తారు. చర్చికొస్తే గిటార్, కీబోర్డు, డ్రమ్స్. ట్రాంబోన్ నేర్చిన పిల్లవాడికి ఆదివారం పూట పని లేదు. సూపర్‌టోన్స్ కచేరీకి వెళ్లి, ట్రాంబోన్ పట్టుకున్న మనిషి వేదిక ముందు వరుసలో గంతులేస్తూ వాయించడం చూశాక, దేవుడి పాటలో తన వాయిద్యానికీ చోటుందని తనకు తెలిసిందన్నాడు. ఎంత పొంగిపోతూ చెప్పాడో ఇప్పటికీ నాకు గుర్తే.

‘లౌడ్ అండ్ క్లియర్’ వచ్చేసరికి గిటార్ బరువెక్కింది, ర్యాప్ ముందుకొచ్చింది, హార్న్స్ వెనక్కి తగ్గాయి. 2002లో ‘హై-ఫై రివైవల్’ నాటికి స్కాను వెతుక్కోవాల్సి వచ్చింది. అభిమానుల్లో రకరకాల వాళ్లు బయల్దేరారు. డబ్బుకు అమ్ముడుపోయారని కొందరు, రేడియో వెంట పడ్డారని కొందరు, ఏకంగా విశ్వాసమే చల్లారిందని మరికొందరు. ఇటువైపు సమర్థించేవాళ్లు ఒకే మాట మీద నిలబడ్డారు: సువార్త అదే, పాడే పద్ధతి ఏదైతేనేం? నా యువ మిత్రుడు ఈ రెండు గుంపుల్లో దేనిలోనూ చేరలేదు. ‘హార్న్స్ ఏవి?’ అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు ఎవరూ బదులివ్వలేదు.

నేను ఆ కుర్రాడి పక్షం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

బరువైన రాక్ పాటలో గిటార్ శబ్దాన్ని కావాలనే చితక్కొట్టి గరగరలాడేలా చేస్తారు. దాన్నే డిస్టార్షన్ అంటారు. అలా చేసిన గిటార్‌ను ఒకసారి మీటితే ఆ మోత సాగుతూనే ఉంటుంది, పైగా మధ్య స్థాయి స్వరాలన్నిటినీ ఆక్రమించేస్తుంది. ట్రాంబోన్ నివాసం సరిగ్గా అక్కడే. ట్రంపెట్ కింది స్వరాలూ అక్కడే. దెబ్బల మధ్య ఖాళీ లేదు, స్వరాల్లో చోటు లేదు, ఇక హార్న్స్ ఎక్కడికి పోవాలి? రికార్డింగు ఇంజినీరు వాటి ధ్వని తగ్గిస్తాడు, లేదా బృందమే ఒక్కో పాటలోంచి వాటిని తప్పిస్తుంది. స్కా బృందం రాక్ వైపు తిరగడమంటే గోడలకు రంగు మార్చడం లాంటిది కాదు. ఆ తిరుగుడులో కొందరు మనుషులకు చేసే పని కరువవుతుంది. వాళ్లలో తమను చూసుకుంటున్న పిల్లలు కూడా వేదిక మీద నుంచి దిగిపోయినట్టే.

అందుకే బాణీని పొట్లం కట్టే కాగితంలా చూసే వాదన నాకు నచ్చదు. అయితే ఈ చూపు అభిమానులకు ఎవరు నేర్పారో కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అమెరికాలోని క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ఒక పట్టిక కనిపించేది. ‘బయట మీకు ఫలానా బృందం ఇష్టమా? అయితే మా దగ్గర ఫలానా క్రైస్తవ బృందం ఉంది’ అని వరసగా పేర్లు. లోకంలో గిరాకీ ఉన్న ప్రతి శైలికీ చర్చి ముద్రతో ఒక ప్రత్యామ్నాయం. శైలిని ఎరగా వేసి పిల్లల్ని రప్పించిన వ్యాపారం అది. రేడియోలో స్కా మోజు తగ్గి ర్యాప్-రాక్ మోజు పెరిగితే ఆ షాపుల అరలూ మారతాయి, బృందాల మీద ఒత్తిడీ పెరుగుతుంది. రా అని పిలిచినప్పుడు శైలిని చూపించి పిలిచారు. ఆ శైలి పోయిందని బాధపడితే శైలి ముఖ్యం కాదన్నారు. ఇది ఆ పిల్లలకు జరిగిన అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విశ్వాసం చల్లారిందన్న వాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ‘లౌడ్ అండ్ క్లియర్’ మాటలు శ్రద్ధగా వింటే పాటల్లో వేదాంత చింతన పెరిగిందే తప్ప తగ్గలేదు. అందులో ‘ఎస్కేప్ ఫ్రమ్ రీజన్’ అనే పాట ఉంది. క్రైస్తవ తత్వచింతకుడు ఫ్రాన్సిస్ షేఫర్ రాసిన పుస్తకం పేరు అది. పాప్ పాటకు అలాంటి పేరు పెట్టే మనిషి చదువుకుంటున్నాడు, ఆలోచిస్తున్నాడు. గిటార్ మోతను బట్టి ఎదుటివాడి భక్తిని తూచే అధికారం టికెట్టు కొన్నంత మాత్రాన ఎవరికీ రాదు.

మారినవాడల్లా ద్రోహి అంటే అసలు స్కా చరిత్రే నిలబడదు. కింగ్‌స్టన్‌లో కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్ ఉండేది. దిక్కులేని పిల్లలకు, పేద పిల్లలకు అక్కడ బ్యాండు వాయిద్యాలు నేర్పేవారు. 1964లో ఏర్పడిన ‘స్కాటలైట్స్’ బృందంలో ట్రాంబోన్ వాయించిన డాన్ డ్రమండ్, శాక్సఫోన్ వాయించిన టామీ మెకూక్ ఆ బడి పిల్లలే. కవాతు పాటల కోసం నేర్చిన విద్యతో వాళ్లు జాజ్ వాయించారు, ఆ తర్వాత స్కా. ఆ స్కా కూడా సొంతగడ్డ మీద పదేళ్లు ఉన్నట్టుగా ఉండలేదు. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది, 1968 నాటికి రెగే అయింది. హార్న్స్ పని అప్పుడూ తగ్గింది. కాలిఫోర్నియా కుర్రాళ్లు అందుకున్నది అప్పటికే ఇంగ్లండు మీదుగా చుట్టి వచ్చి, పంక్ గిటార్ కలిసిన స్కా. దాన్ని ‘అసలు’ అని పట్టుకు కూర్చోవడానికి లేదు.

మారొచ్చు. అయితే ఎలా మారారు, ఎవరిని వెంటబెట్టుకుని మారారు అన్నది చూడాలి. ఇక్కడే నాకు డెన్వర్ వాళ్లు గుర్తొస్తారు. ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ 1995లో మొదలైంది. అంతకుముందు వాళ్లలో కొందరు ‘మెటల్’ అనే బరువైన రాక్ వాయించేవాళ్లు, స్కాలోకి రావడమే వాళ్లకు మొదటి మార్పు. పేరు వచ్చిన బృందాన్ని అమ్ముడుపోయిందని ఈసడించే అభిమానుల మీద 1997 ఆల్బంలోనే ‘హ్యాండ్‌బుక్ ఫర్ ద సెల్లవుట్’ అని ఒక పాట కట్టారు. అదే ఆల్బంలో కొలరాడోలో 1864లో ఆదివాసులపై జరిగిన శాండ్ క్రీక్ ఊచకోత గురించీ పాడారు. 2003 నవంబరు 22న డెన్వర్ ఫిల్మోర్ ఆడిటోరియంలో చివరి కచేరీ చేసి విడిపోయారు. 2011లో మళ్లీ కలిసి, కొత్త ఆల్బం కోసం అభిమానులను 30 వేల డాలర్లు అడిగితే 2 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి.

అంత డబ్బు ఇచ్చినవాళ్లలో చాలామంది పాత స్కా కోసమే ఇచ్చి ఉంటారు. 2013లో చేతికొచ్చిన ‘ఇంజిన్ ఆఫ్ ఎ మిలియన్ ప్లాట్స్’ అలా లేదు. రాక్ బరువు పెరిగింది, పాత అల్లరి తగ్గింది, సందేహం, అలసట, ఆశ కలగలిసిన మాటలొచ్చాయి. సభ్యుల్లో కొందరికి ఇప్పుడు విశ్వాసం లేదన్న సంగతిని కూడా వాళ్లు దాచలేదు. అయినా ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ ఆ ఆల్బంలో ఉన్నాయి. గంతులు వేయించే పని మానేసి, గిటార్ మోత పైన పొడవాటి స్వరాలు నిలబెట్టే పని అందుకున్నాయి. మనుషులు పెద్దవాళ్లయ్యారు, పాటా పెద్దదైంది, ఎవరినీ బయట వదిలేయలేదు. 2021లో వచ్చిన ఆల్బంలో మళ్లీ స్కా, రెగే వైపు నడిచారు. నా లెక్కలో శైలి మార్పు అంటే అలా ఉండాలి.

ఈ విషయం ఇంతగా పట్టించుకోవడానికి నాకు ఇంటి కారణం కూడా ఉంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు తెలుగువాళ్ల చెవికి దగ్గరైన బాణీల్లోనే క్రీస్తును పాడారు. మాట ఎంతో బాణీ అంతేనని వాళ్లకు తెలుసు కాబట్టే రాగతాళాలను పేరుపెట్టి మరీ రాశారు. కొన్నేళ్ల కిందట మా ఊరి చర్చిలో కీబోర్డు, ప్యాడ్స్ వచ్చాయి. హార్మోనియం అటకెక్కింది. మైకుల్లో ట్రంపెట్ మరీ గట్టిగా వస్తోందని, ఇక వద్దని మా నాన్నకు చెప్పారు. చెప్పినవాళ్లు మంచి పిల్లలే, చెప్పిన తీరూ మర్యాదగానే ఉంది. ‘దేవుడు హృదయాన్ని చూస్తాడు కదా బాబాయ్’ అన్నారు. ‘చూస్తాడు నాయనా, వింటాడు కూడా’ అన్నాడు మా నాన్న. ఆ తర్వాత కూడా ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్లాడు, కొత్త పాటలకు చప్పట్లు కొట్టాడు. ట్రంపెట్ మాత్రం డిసెంబరులోనే బయటికి తీసేవాడు.

సూపర్‌టోన్స్ 2004లో పాత దారికి తిరిగొచ్చారు. ఆ ఆల్బం పేరులోనే ‘రివెంజ్’ అని పెట్టుకున్నారు. అప్పటికి స్కా గాలి తగ్గిపోయింది, 2005లో బృందం విడిపోయింది. 2010లో మళ్లీ కలిసి, 2012లో ‘ఫర్ ద గ్లోరీ’ ఇచ్చారు. నా తీర్పు ఇది: ‘లౌడ్ అండ్ క్లియర్’ చెడ్డ ఆల్బం కాదు, నిజాయతీ ఉన్న ఆల్బం. ‘హై-ఫై రివైవల్’ మాత్రం ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కలేదు. ఎవరు వాయించినా అలాగే ఉండే రాక్ అది. ‘హార్న్స్ ఏవి?’ అని అడిగిన కుర్రాడిది చిన్నపిల్లల పేచీ కాదు. అతని చెవి నిజం చెప్పింది.

మన చర్చిల్లో పాటల బాధ్యత చూసే పాస్టర్లకు, యువజన నాయకులకు ఒక్క మనవి. వచ్చే క్రిస్మస్‌కు కొత్త పాటలు తప్పకుండా నేర్పండి, కొత్త వాయిద్యాలు తెచ్చుకోండి. సాధన మొదలుపెట్టే ముందు మాత్రం ఊళ్లో ఫిడేలు, డప్పు, క్లారినెట్, ట్రంపెట్ వాయించేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, వాళ్ల కోసం ఆ పాటలో నాలుగు వరుసల చోటు ఉంచండి.