కన్సల్టెన్సీల కమీషన్ బయటపెట్టాలి! పంజాబ్ తరహా చట్టం మనకూ కావాలి!

విదేశీ చదువులకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులారా, సెప్టెంబర్ ఇన్‌టేక్ కోసం పరుగులు పెడుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

పోయిన వారం మా క్లాస్‌మేట్ ఒకడు గ్లాస్గో నుంచి ఇంటికి వెళ్లిపోయాడు. నల్లగొండ జిల్లా కుర్రాడు, బీటెక్‌లో ఈఈఈ, ఇక్కడ సస్టైనబుల్ ఎనర్జీ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్సీ. చివరి వాయిదా ఫీజు కట్టలేదని యూనివర్సిటీ ముందు అతని లాగిన్ ఆపేసింది. ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్, గాలి వేగం లెక్కలు, లైబ్రరీ అన్నీ ఆ లాగిన్‌లోనే ఉన్నాయి. ఆ తర్వాత పేరు తీసేసింది, వీసా పోయింది. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంది. అతన్ని పంపిన కన్సల్టెన్సీకి కమీషన్ ఎప్పుడో ముట్టింది.

అమీర్‌పేటలో అతనికి రాసిచ్చిన కాగితం మేం చూశాం. పైన ఫీజు, వీసా ఖర్చు. అడుగున పెన్నుతో రాసి గీత గీసిన ఒక లైను: ‘వారానికి 20 గంటలు, సమ్మర్‌లో ఫుల్‌టైమ్. ఫీజు అక్కడే వచ్చేస్తుంది.’

ఈ లైను పచ్చి అబద్ధం. లెక్క మీరే వేసుకోండి. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. టర్మ్‌లో 20 గంటలకు మించి పని చేయకూడదు. అంటే ఆ రేటుతో వారానికి 244 పౌండ్లు. పరీక్షల్లోనూ, జ్వరంలోనూ ఒక్క వారం మానకుండా చేసినా నెలకు 1,058. లండన్ బయట చదివే విద్యార్థి బతకడానికి నెలకు 1,171 పౌండ్లు చూపించాలని 2025 నవంబర్ నుంచి బ్రిటన్ హోం శాఖే అడుగుతోంది. తిండికీ అద్దెకూ చాలని డబ్బుతో ఫీజు ఎలా కడతారు?

సమ్మర్ మాట ఇంకా ఘోరం. ఎమ్మెస్సీ అంటే 180 క్రెడిట్లు. అందులో 60 డిసర్టేషన్‌వి, అది జరిగేదే వేసవిలో. కాబట్టి మాస్టర్స్ వాళ్లకు ఆ వేసవి కూడా టర్మ్ కిందే లెక్క, అదే 20 గంటల పరిమితి. ఈ సంగతి కౌన్సెలర్‌కు తెలియదనుకుంటున్నారా? తెలుసు. చెబితే డిపాజిట్ రాదు.

ఇక ‘ఫండ్స్’ వ్యవహారం. వీసాకు 28 రోజులు ఖాతాలో డబ్బు ఉండాలి కనుక వడ్డీకి తెచ్చి వేస్తారు, గడువు తీరగానే లాగేసుకుంటారు. ఖాతాలో లక్షలున్నాయని బ్రిటన్ అనుకుంటుంది. పిల్లవాడు దిగేది ఖాళీ జేబుతో, పైగా ఆ వడ్డీ భారంతో. రాత్రంతా గోడౌన్‌లో డబ్బాలు మోసి, పొద్దున తొమ్మిదికి ల్యాబ్‌లో కూర్చున్నవాడికి టర్బైన్ సమీకరణాలు బుర్రకెక్కుతాయా?

బ్రోషర్ మీద గాలిమరల బొమ్మ, కింద ‘గ్రీన్ జాబ్స్’. గాలిమరలు నిజమే. గ్లాస్గో పక్కనే వైట్‌లీలో 215 టర్బైన్లున్నాయి, 539 మెగావాట్లు. కానీ వీసా నిలవాలంటే స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2024 ఏప్రిల్‌కు ముందు ఏడాదికి 26,200 పౌండ్లు. అది 38,700 అయింది, 2025 జులైలో 41,700కు చేరింది. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత సడలింపు ఉన్నా అదీ సులువైన మెట్టు కాదు. చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్ల గడువు కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఈ అంకెల్లో ఒక్కటైనా బ్రోషర్‌లో ఉందా?

మనకిది కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది, తెలుగు పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. మిచిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా అధికారులే నకిలీ యూనివర్సిటీ పెట్టి పన్నిన వల 2019లో బయటపడింది, మళ్లీ మనవాళ్లే ఎక్కువ మంది చిక్కారు. పిల్లలు నిర్బంధం పాలయ్యారు. అమీర్‌పేటలో, బెంజ్ సర్కిల్‌లో బోర్డులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకంటే ఈ వ్యాపారానికి గుండెకాయ కమీషన్. విద్యార్థి చేరాక ఫీజులో ఇంత శాతమని యూనివర్సిటీ ఏజెంటుకు ఇస్తుంది. ఎంతో విద్యార్థికి చెప్పరు. ‘మా సర్వీసు ఫ్రీ’ అంటారు. ఫ్రీ కాదు! మీ పొలం తాకట్టులోంచే ఆ వాటా వెళుతోంది. ఎక్కువ ముట్టజెప్పే కాలేజీయే ‘మీ ప్రొఫైల్‌కు బెస్ట్’ అయిపోతోంది. ఇది సలహా కాదు, దళారీ బేరం. మంచి కన్సల్టెన్సీలూ ఉన్నాయంటారా? అయితే వాళ్లకు కమీషన్ బయటపెట్టడానికి భయమెందుకు?

గల్ఫ్‌కు కూలీని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పంజాబ్ 2012లోనే చట్టం చేసి వీసా కన్సల్టెంట్లకు లైసెన్సు పెట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇంకెందరు పిల్లలు రోడ్డున పడేదాకా ఆగుతాయి?

మా డిమాండ్లు:

1. రెండు రాష్ట్రాల్లోనూ విద్యా కన్సల్టెన్సీలకు లైసెన్సు, ప్రభుత్వం దగ్గర డిపాజిట్ తప్పనిసరి చేయాలి. అబద్ధపు హామీ ఇస్తే ఆ డిపాజిట్‌లోంచే విద్యార్థికి పరిహారం ఇవ్వాలి.

2. ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ వస్తుందో ఆఫర్ లెటర్‌తో పాటే రాతపూర్వకంగా ఇవ్వాలి.

3. కోర్సు పూర్తిచేసిన విదేశీ విద్యార్థుల్లో ఎందరికి స్పాన్సర్‌షిప్ ఉద్యోగం వచ్చిందో యూనివర్సిటీలు కోర్సువారీగా ప్రకటించాలి.

4. ఫీజు బాకీ పేరుతో డిసర్టేషన్ మధ్యలో లాగిన్ ఆపకూడదు. నెలవారీ వాయిదాలు ఇవ్వాలి.

తల్లిదండ్రులారా, రేపు కన్సల్టెన్సీకి వెళితే ముందు ఒకటే అడగండి: ‘మా అబ్బాయి చేరితే మీకెంత?’ జవాబు కాగితం మీద సంతకంతో ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. డిపాజిట్ కట్టొద్దు. ఈ డిమాండ్లను మీ ఎమ్మెల్యే చేతికివ్వండి, అసెంబ్లీలో మాట్లాడమని నిలదీయండి.

— గ్లాస్గోలో ఇంధన ఇంజినీరింగ్ చదువుతున్న తెలుగు విద్యార్థులు