ఓరచూపుకు దొరికే వంతెన

పిల్లలూ, సప్తర్షి మండలం గాలిపటంలా ఉంటుంది కదా! దాని తోక కొసన ఉన్నది మరీచి నక్షత్రం. ఆ దాపునే రెండు గెలాక్సీలు, అంటే మన పాలపుంత వంటి నక్షత్ర సమూహాలు, ఒకదాన్నొకటి లాగుకుంటున్నాయి. అవి మనకు సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్నాయి. పెద్దదాని పేరు ఎం51.

1845లో ఐర్లండులో రాస్ ప్రభువు, తాను కట్టించిన 72 అంగుళాల అద్దపు దుర్భిణితో చూసి, ఎం51లోని సుడిని చేత్తో గీశాడు. గెలాక్సీలో సుడిని మనిషి గుర్తించడం అదే మొదలు. ఇలాంటి జంటల నడుమ వెలుగు వంతెనలు పరస్పర ఆకర్షణ వల్లనే ఏర్పడగలవని, 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరుతో లెక్కకట్టి చూపారు.

ఈనాడు కొందరు సరదాకొద్దీ 16, 20 అంగుళాల అద్దాలతో దుర్భిణులు తామే తయారుచేసుకుంటున్నారు. అయినా, కన్ను పెట్టగానే కనిపించేవి రెండు మసక మచ్చలే! వంతెన కనిపించాలంటే అరగంట చీకట్లో ఉండి, తరవాత సూటిగా కాక కాస్త పక్కకు చూడాలి. ఎందుకంటే, మసక వెలుగును బాగా పట్టేది కంటిపొర నడిమి భాగం కాదు, దాని చుట్టూ ఉన్న భాగం.

అయితే ఒక చిక్కు ఉన్నది. ముందే ఫొటో చూసినవారికి, కనిపించని వంతెన కూడా కనిపించినట్టే తోస్తుంది! అందుకే కంటికి కనిపించినంతే గీయాలి.

కార్తికమాసపు రాత్రి మీరు కృత్తికలను ఓరచూపుతో లెక్కపెట్టండి. పక్కవాడు ఏడు అన్నా, మీకు అయిదే కనిపిస్తే అయిదే రాయండి. నా తరగతిలో నిండు మార్కులు ఆ అయిదుకే!