పాటలో కలడు, పత్రములో లేడు

కచేరీ ముగిసిన తరువాత సభ జ్ఞాపకముంచుకొనునది గాయకుని పేరే. అది లోకరీతి. బుర్రకథలో కథకుని పేరు ఊరూరా మారుమ్రోగును గాని, ఇరుప్రక్కల నిలిచి కథను నడిపించు వంతల పేర్లు పదిమందికి తెలియవు. ఖవ్వాలీ ప్రకటనలలో ప్రధాన గాయకుని పేరు పెద్ద అక్షరములలో వేసి, తక్కిన వారినందరిని 'హమ్‌నవా' అను ఒక్క మాటలో ఇమిడ్చివేయుదురు. ఇందులో ఎవరి దురుద్దేశమును లేకపోవచ్చును. కాని పేరుతో హక్కు, హక్కుతో జీవనోపాధి ముడిపడియున్నచోట ఈ లోకరీతిని తేలికగా తీసుకొనరాదని మా అభిప్రాయము. అమెరికా సంగీత చరిత్రలో జానీ జాన్సన్ అను పియానో వాద్యకారుని జీవితము ఇందుకు గట్టి తార్కాణము.

జాన్సన్ 1924లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందలి ఫెయిర్‌మాంట్‌లో జన్మించినారు. పసితనముననే పియానో పట్టుబడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నల్లజాతివారిని వేరుగా నుంచిన మెరైన్ దళములో పనిచేసి, పిదప డెట్రాయిట్, చికాగో నగరములలో వాయించి, 1952లో సెయింట్ లూయిస్ చేరినారు. అక్కడ ముగ్గురితో ఒక చిన్న బృందమును నడిపినారు. ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి కార్యక్రమమునకు ముందు బృందములోని శాక్సఫోన్ వాద్యకారుడు పక్షవాతమున పడగా, ఆ ఒక్క రాత్రికి మరియొకనిని పిలిపించినారు. వచ్చినవాడు చక్ బెర్రీ. గిటారు వాయించుచు, పాడుచు, సభను ఇట్టే ఆకట్టుకొను నేర్పరి. ఒక్క రాత్రికై వచ్చినవాడు నిలిచిపోయినాడు. కొలది కాలములోనే బృందము ఆయన పేరిట నడువసాగినది. జాన్సన్ నాయకత్వము వదలి ప్రక్కకు జరిగినారు. అందుకు ఆయన నొచ్చుకొనలేదు కూడా.

1955 మే నెలలో వారు చికాగోలోని చెస్ రికార్డ్స్ సంస్థలో 'మేబెలీన్' అను పాటను రికార్డు చేసినారు. 'ఐడా రెడ్' అను పాత పల్లెపాట దీనికి మూలము. నల్లవారి బ్లూస్ సంగీతము, తెల్లవారి పల్లెసంగీతము ఇందులో ఒక్కటైనవి. రాక్ అండ్ రోల్ అని లోకము పిలిచిన సంగీతమునకు ఈ పాట పునాదిరాళ్లలో ఒకటి. ఆ తరువాత పెక్కు సంవత్సరములు బెర్రీ పాటలలో జాన్సన్ పియానో వినవచ్చుచునే యున్నది. బెర్రీ మాటలు వ్రాసికొని తెచ్చుననియు, ఇద్దరును పియానో వద్ద కూర్చుండి సంగీతమును కూర్చెడివారమనియు జాన్సన్ చెప్పుకొనినారు. అయినను పాటల హక్కు పత్రములలో ఆయన పేరు లేదు. హక్కుదారునికి పాట మ్రోగినంత కాలము ఆదాయము వచ్చుచుండును; ప్రక్కవాద్యకారునికి వాయించిన నాటి ప్రతిఫలముతోనే సరి.

పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. 'మేబెలీన్' రికార్డు మీద బెర్రీతో పాటు మరి ఇద్దరి పేర్లు రచయితలుగా అచ్చైనవి. ఒకరు ఆ పాటను రేడియోలో పదే పదే వినిపించిన ఆలన్ ఫ్రీడ్. రెండవవారు రస్ ఫ్రాటో అను వ్యాపారి. వీరు పాటలో ఒక్క చరణమును వ్రాయలేదు, ఒక్క స్వరమును కూర్చలేదు. వ్యాపార లావాదేవీలలో భాగముగా వారి పేర్లు చేరినవి. పూర్తి హక్కు మరల తన పేరిట పొందుటకు బెర్రీకి 1986 వరకు పట్టినది. ఏమియు చేయని వారికి పత్రమున చోటు దొరకినది. పియానో మీద చేయి వేసిన వానికి దొరకలేదు. కాగితము మీద నున్నదే సత్యమని నమ్మువారికి ఇంతకంటె గుణపాఠమేమి కావలెను?

1973 నాటికి ఇరువురి సాహచర్యము ముగిసినది. జాన్సన్ సెయింట్ లూయిస్‌లో బస్సు నడుపుచు బ్రతికినారు. 1986లో బెర్రీ షష్టిపూర్తి సందర్భమున తీసిన 'హెయిల్! హెయిల్! రాక్ అండ్ రోల్' అను చిత్రమునకై రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ ఆయనను మరల వేదిక మీదికి రప్పించినారు. రిచర్డ్స్ ఎత్తిచూపిన అంశము యోచింపదగినది. బెర్రీ పాటలు పెక్కు ఈ-ఫ్లాట్, బీ-ఫ్లాట్ శ్రుతులలో నున్నవి. గిటారు వాయించువానికి ఇవి సులువైనవి కావు. పియానోకు, ఊదుడు వాద్యములకు అనువైనవి. గిటారు వీరుని పాటలు పియానో శ్రుతులలో పుట్టినవనగా, పుట్టుకలో పియానోకు పాలు కలదని ఆయన భావము.

బెర్రీ పక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఆ పాటలకు ప్రాణము వాటి మాటలు. బడిపిల్లల ఆరాటము, కార్ల పరుగు, యువతరపు ఉత్సాహము అంత చమత్కారముగా చెప్పినవారు అరుదు. ఆ మాటలు బెర్రీవే. శ్రుతిని బట్టి మాత్రమే కర్తృత్వమును నిర్ణయింపజాలము. 'జానీ బి. గూడ్' అను సుప్రసిద్ధ గీతము పేరునకు జాన్సనే ప్రేరణ యని బెర్రీయే ఒప్పుకొనినాడు; అయితే ఆ రికార్డులో పియానో వాయించినది లఫయెట్ లీక్ అని సంగీత చరిత్రకారులు పలువురు వ్రాసినారు. కావున ప్రతి పాటలోను జాన్సన్‌కు సమభాగమున్నదని మేము వాదించుట లేదు.

2000 నవంబరులో జాన్సన్ న్యాయస్థానమున దావా వేసినారు. యాభైకి పైగా పాటలలో తాను సహకర్తనని వాదించినారు. 2002లో ఆ దావా కాలదోషము పట్టినదని కొట్టివేయబడినది. కాలపరిమితి చట్టములు అర్థము లేనివి కావు. సాక్షులు మరణింతురు, జ్ఞాపకములు చెదరును. న్యాయమూర్తిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని ఆ తీర్పు జాన్సన్ మాట అబద్ధమని చెప్పలేదు, ఆలస్యమైనదని మాత్రమే చెప్పినది. ఈ రెండింటికిని గల భేదమును విద్యావంతులు మరువరాదు.

రాక్ అండ్ రోల్ కీర్తిమందిరములో బెర్రీకి 1986లో మొదటి వరుసలోనే చోటు లభించినది. జాన్సన్‌కు 2001లో, ప్రక్కవాద్యకారుల కొరకు అంతకు ముందటి సంవత్సరమే ఏర్పరచిన విభాగములో లభించినది. 2005 ఏప్రిల్‌లో ఆయన సెయింట్ లూయిస్‌లో కన్నుమూసినారు. గౌరవము దక్కినది, సంతోషమే. కాని గౌరవము వేరు, హక్కు వేరు. వృద్ధాప్యమున కప్పిన శాలువ యౌవనమున ఎగవేసిన భాగమునకు బదులు కాజాలదు.

మా వాదము ఇంతే. ఎవరి పాలు ఎంతయో పని జరిగిన నాడే, అందరును స్నేహముగా నున్న నాడే వ్రాసికొనవలెను. స్నేహము చెడిన తరువాత వ్రాయునది దావా యగును. మొగమాటమున ఊరకుండుట సౌజన్యమని జాన్సన్ వంటి మెత్తనివారు తలతురు. ఆ మౌనమే కాలక్రమమున వారికి ప్రతికూల సాక్ష్యమగును. అడుగవలసిన బాధ్యత వారిది. అడుగకముందే ఇవ్వవలసిన బాధ్యత నాయకునిది. రెండవదియే పెద్దదని మా నమ్మకము.

ఇది అమెరికాలోని పాటకు మాత్రమే పరిమితమైన మాట కాదు. మన కళాశాల వార్షికోత్సవములో నాటకమునకు తెర లాగినవాడు, ముషాయిరాకు ఆహ్వానములు చేతితో వ్రాసినవాడు, ప్రయోగశాలలో సహాధ్యాయికి లెక్కలు చేసిపెట్టినవాడు మనలోను కలరు. కార్యవర్గమువారు కార్యక్రమ పత్రము అచ్చునకు పంపుటకు ముందు ఆ పేర్లు అడిగి తెలిసికొని చేర్పింతురు గాక. అందుకు పట్టునది రెండు పంక్తుల సిరా. జాన్సన్‌కు దక్కనిది ఆ రెండు పంక్తులే.