పారబోసే ముందు ఒక్క నిమిషం

తిరునాళ్లలో పిల్లాడు తప్పిపోతే మైకులో ఏం చెబుతారు? చొక్కా రంగు! మా ల్యాబ్‌లోనూ అంతే. కణంలోని వేల ప్రోటీన్లలో మాకు కావాల్సిన ఒక్కదానికి ‘ఫ్లాగ్’ అనే గుర్తు తగిలిస్తాం. 8 అమైనో ఆమ్లాల చిన్న తోక అది. ఆ తోకను పట్టుకునే యాంటీబాడీని జెల్ పూసలకు అతికించి ఉంచుతారు. కణాలను పగలగొట్టి తీసిన ద్రవం పోస్తే మనది పూసలకు అతుక్కుంటుంది, మిగతావి కిందికి కారిపోతాయి. తర్వాత ఆ తోక ముక్కల్నే విడిగా పోస్తే, అవి పోటీపడి మన ప్రోటీన్‌ని విడిపిస్తాయి.

వినడానికి ఈజీయే. నేను మొదటిసారి చేసినప్పుడు మాత్రం చేతికి ఏమీ రాలేదు. 3 వారాలు పెంచిన కణాలు! ఏడుపొక్కటే తక్కువ.

“బఫర్‌లో డీటీటీ కలిపావా?” అడిగింది సీనియర్ అక్క.

“అలవాటుగా కలిపేశా అక్కా.”

యాంటీబాడీ గొలుసుల్ని కలిపి ఉంచేది సల్ఫర్ బంధాలు. డీటీటీ వాటినే తెంచేస్తుంది. అంత ఖరీదైన జెల్ పాడైపోయింది.

“మరి కిందికి కారింది ఏది? పారబోశావా?”

లేదు! ట్యూబులు కడగడానికి బద్ధకించి ఐస్‌లోనే వదిలేశా. రాత్రంతా డయాలసిస్ చేసి డీటీటీ తీసేశాం, కొత్త పూసల్లో పోశాం. మర్నాడు సాయంత్రం మా ప్రోటీన్ చార స్పష్టంగా కనిపించింది.

ఆ రోజు నన్ను కాపాడింది తెలివి కాదు, బద్ధకం. ఇప్పుడు మాత్రం కావాలనే దాస్తున్నా. వెతికేది దొరికేదాకా మీరూ ఏదీ పారబోయకండి.