సూకీ ఎవరిని చేసుకోవాలి?

"మోసం అత్తయ్యా! పచ్చి మోసం!"

మొన్న సంక్రాంతి సెలవులకొచ్చిన మా ఆడపడుచు కూతురు, తెల్లారేసరికి చేతిలో పుస్తకం మంచం మీద గిరాటేసి అన్న మాట ఇది. రాత్రంతా నిద్రపోలేదు, కళ్లు ఎర్రబడ్డాయి. ఏమైందోనని ఇంట్లో మగవాళ్లు కంగారుగా పరిగెత్తుకొచ్చారు. విషయం తెలిశాక నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఇంతకీ విషయమేమిటంటే, పన్నెండు పుస్తకాలు చదివి పదమూడో దాని చివరికొచ్చేసరికి, ఈ పిల్ల కోరుకున్న రక్తపిశాచిని హీరోయిన్ కాదనుకుంది!

నాకూ నవ్వొచ్చింది. కానీ అది వెళ్తూ వెళ్తూ ఆ పుస్తకాల మూట నా దగ్గర వదిలేసింది. వంటయ్యాక ఒకటి, బట్టలు ఆరేశాక ఒకటి చొప్పున మొదలుపెట్టాను. పదమూడోది ముగించేసరికి నవ్వు పోయింది.

అమెరికా రచయిత్రి షార్లేన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలలివి. మొదటిది 2001లో వచ్చింది. చివరిది, 'డెడ్ ఎవర్ ఆఫ్టర్', 2013 మేలో. లూసియానా రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. అక్కడి బార్లో వడ్డించే పిల్ల సూకీ. ఆమెకో శాపం ఉంది, ఎదుటివాళ్ల మనసులో మాటలన్నీ చెవిన పడుతుంటాయి. బల్ల మీద ప్లేటు పెడుతుంటే ఆ మగవాడి తలలో ఏ ఆలోచన తిరుగుతోందో తెలిసిపోతుంది. అలాంటి పిల్ల పెళ్లేం చేసుకుంటుంది, స్నేహమేం చేస్తుంది చెప్పండి?

అప్పుడొస్తాడు బిల్ అనే రక్తపిశాచి. అతని మనసు ఆమెకు వినపడదు. ఒక మగవాడి పక్కన కూర్చుంటే నిశ్శబ్దంగా ఉండటం ఆమెకు జీవితంలో అదే మొదలు. ఈ ఒక్క ఊహ చాలు, ఆ నవలలు ఆడవాళ్లకెందుకు అంత నచ్చాయో చెప్పడానికి. బస్సులో, ఆఫీసులో, వీధి మలుపులో మగవాళ్ల చూపుల్లోని మాటలు మనకు మాత్రం వినపడవా ఏమిటి?

తర్వాత ఎరిక్ వస్తాడు. వెయ్యేళ్ల వయసున్న వీరుడు, అందగాడు. 2004లో వచ్చిన నాలుగో పుస్తకంలో జ్ఞాపకశక్తి పోగొట్టుకుని సూకీ ఇంట్లో తలదాచుకుంటాడు. చదివేవాళ్ల మనసు అక్కడే చిక్కుకుపోయింది. 2008లో ఈ కథల మీద 'ట్రూ బ్లడ్' అనే టీవీ సీరియల్ మొదలై ఎరిక్‌కి ఓ ముఖం కూడా వచ్చాక, ఇక అడగక్కర్లేదు. పాఠకులు బిల్ జట్టు, ఎరిక్ జట్టు అని విడిపోయారు. సూకీ వేషం వేసినావిడా, బిల్ వేషం వేసినాయనా 2010లో నిజంగానే పెళ్లి చేసుకున్నారు. బిల్ జట్టువాళ్లకి అదొక్కటే ఊరట.

ఎందుకంటే చివరి పుస్తకంలో సూకీ ఇద్దరినీ కాదనుకుంది. మొదటి పుస్తకం నుంచీ పక్కనే ఉన్న బారు యజమాని శామ్‌కి దగ్గరైంది. ఇతనూ మామూలు మనిషి కాడనుకోండి, జంతువుగా మారగలడు. కానీ ఎండలో తిరుగుతాడు, అన్నం తింటాడు, వయసొస్తే ముసలివాడవుతాడు.

పుస్తకం విడుదలకు ముందే ఒక ప్రతి జర్మనీలో బయటికొచ్చి ముగింపు లోకమంతా పాకింది. ఇక చూడండి! చదవకుండానే తిట్టినవాళ్లున్నారు. కొనేది లేదన్నవాళ్లున్నారు. ఒక్క చుక్క చాలని మార్కులేసినవాళ్లున్నారు. ఎరిక్‌ని చేసుకోకపోతే ప్రాణం తీసుకుంటామని రాసినవాళ్లు కూడా ఉన్నారని ఆ రచయిత్రే చెప్పింది.

మా ఇంట్లోలాగే అక్కడా చాలామంది నవ్వారు. పనీపాటా లేని ఆడవాళ్ల పిచ్చి అన్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 1996లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్ ఓడిపోతుంటే సీసాలు విసిరి, స్టాండ్లలో నిప్పు పెట్టి ఆట ఆపించిందెవరు? 2007లో బంగ్లాదేశ్ చేతిలో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడిందెవరు? వాళ్లది అభిమానం, మనది పిచ్చీనా! అంతెందుకు, 1893లో షెర్లాక్ హోమ్స్‌ని చంపేసినందుకు చందాలు మానేసి గోల చేసినవాళ్లలో కోటూ టోపీ వేసుకున్న పెద్దమనుషులెందరో. ఆ గోల పడలేక కానన్ డాయిల్ 1903లో అతన్ని మళ్లీ బతికించాడు. అదేమో సాహిత్య చరిత్ర అయింది.

పన్నెండేళ్లు తక్కువ కాలమా? ఇరవయ్యో ఏట మొదటి పుస్తకం కొన్న అమ్మాయికి చివరిది చేతికొచ్చేసరికి ముప్పై రెండు. ఈలోగా పెళ్లో, పిల్లలో, విడాకులో, అమ్మ పోవడమో జరిగే ఉంటుంది. వాటన్నిట్లోనూ ఏడాదికోసారి పలకరించిన నేస్తం సూకీ. వారపత్రికలో సీరియల్ కోసం గురువారాలు లెక్కపెట్టిన మన అమ్మల్ని అడగండి, చెప్తారు. కాబట్టి ఏడ్చినవాళ్లని నేను తప్పు పట్టను.

కానీ ఆ కోపంలో అన్న మాటలు వింటుంటే మాత్రం ఎక్కడో విన్నట్టనిపించింది. "ఎరిక్‌కి ఏం తక్కువ? అంత డబ్బు, అంత హోదా, అంత అందం! వాణ్ని కాదని ఈ బారువాడినా?" ఇది మన ఇళ్లలో పెళ్లిచూపులయ్యాక పెద్దవాళ్లు అనే మాట కాదూ?

అసలు ఎరిక్ ఏం చేశాడో చూడండి. తొమ్మిదో పుస్తకంలో ఒక కత్తి పంపి, నలుగురి ముందు తనకందించమంటాడు. ఆమె అందిస్తుంది. ఆ తర్వాత తెలుస్తుంది, రక్తపిశాచుల ఆచారం ప్రకారం అదే పెళ్లని! అదేమిటంటే, నిన్ను కాపాడటానికే అంటాడు. అడగకుండా తాళి కట్టేసి నీ మంచికే అన్నవాణ్ని మనం ఏమంటాం? బిల్ సంగతీ అంతే. అతను వాళ్ల రాణి పంపితే వచ్చాడని ఆరో పుస్తకంలో బయటపడుతుంది. చివరికి ఎరిక్‌ని మరో రాణికి కట్టబెట్టే ఒప్పందం ఖాయమైంది. సూకీ దగ్గర ఏదైనా ఒకే ఒక్క కోరిక తీర్చే వస్తువుంది. దాన్ని తన కోసం వాడుతుందని ఎరిక్ ఎదురుచూశాడు. ఆమె దాంతో శామ్ పోయిన ప్రాణం తెచ్చింది. నిర్ణయం అక్కడే అయిపోయింది. మనమే చూడలేదు.

ఇదంతా ఫోన్లో మా పిల్లకు చెబితే ఏమందో తెలుసా?

"సూకీ నిర్ణయం ఏమిటత్తయ్యా? సూకీ ఎక్కడుంది? అది హారిస్ నిర్ణయం. నచ్చకపోతే అనే హక్కు నాకుంది."

నిజమే. నాకు వెంటనే జవాబు తోచలేదు. మళ్లీ తీసి చదివాను. దాని మాటలో న్యాయం ఉంది. అన్ని పుస్తకాలపాటు పెంచిన ప్రేమని చివర్లో హడావిడిగా తెంచేసిందావిడ. ఎరిక్ వీడ్కోలు, అతనంతటి పాత్రకి తగ్గట్టు లేదు. ముగింపు సరైనదే కావచ్చు, అక్కడికి తీసుకెళ్లిన తీరు చాల్లేదు. ఈ మాట అనే హక్కు డబ్బు పెట్టి కొన్న ప్రతివాళ్లకీ ఉంది. చచ్చిపోతానని బెదిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

నాకూ ఓసారి ఇలాంటి ఉత్తరం వచ్చింది. నా కథలో ఓ ఇల్లాలు పుట్టింటి నుంచి మళ్లీ అత్తారింటి బస్సెక్కుతుంది. "మీ చేతిలో కలం ఉందిగా, కనీసం ఆమెనైనా వెనక్కి పంపకుండా ఉండలేకపోయారా?" అని రాసిందొకావిడ. పేరు లేదు, ఊరు లేదు. మొదట కోపమొచ్చింది. కథ నాది, ముగింపు నాది అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక ఆ 'కనీసం' అన్న మాట నన్ను పట్టుకుంది. ఆవిడ నా కథానాయిక గురించి రాయలేదు. ఆ ముగింపు మార్చాలని నాకిప్పటికీ అనిపించదు, కానీ ఆ ఉత్తరం మాత్రం దాచుకున్నాను.

'ట్రూ బ్లడ్' 2014లో ముగిసింది. చివర్లో సూకీ నిండు గర్భిణి, పక్కన భర్త. కానీ ఆ భర్త ముఖం చూపించలేదు! ఎవరైతేనేం, ఆమె సుఖంగా ఉంది పొమ్మన్నట్టు. దానికీ తిట్టారనుకోండి.

నాకు మాత్రం ఆ ముఖం లేని మొగుడు నచ్చాడు. మన పిల్లలు ఎవర్ని ఎంచుకున్నా ముందు వాడి ముఖం, జీతం, కులం కాకుండా, పక్కనున్న పిల్ల ముఖం చూడటం నేర్చుకుంటే బాగుండుననిపించింది.

మా పిల్ల ఇంకా ఎరిక్ జట్టే. వచ్చే సెలవులకొచ్చి నాతో పోట్లాడుతుందట. రమ్మన్నాను. అరిసెలు చేసి ఉంచుతానని కూడా చెప్పాను. మరి మీరు ఎవరి జట్టు?