తూనీగలను తేరిపార చూడుడు

మురమళ్ళ శ్రీ వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణమునకు దూరప్రాంతములవారు వచ్చుట అందరికిని తెలిసినదే. ఆ ఊరి వరిచేలకు ఏటేట వచ్చెడి మరియొక యాత్రికుని మాత్రము మనలో పలువురు పట్టించుకొనరు. అదియే తూనీగ.

సార్వా రోజులలో చేలపై గుంపులుగా తిరుగు పసుపు వన్నె తూనీగ సామాన్యమైన జీవి కాదు. ఈ జాతి భారతదేశము నుండి మాల్దీవుల మీదుగా సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోవునని చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించెను.

ఎండ పొడ వచ్చిన పిమ్మట గట్టుపై మెల్లగా నడచి, మీ నీడ పడకుండ కొంచెము దూరమున కూర్చుండుడు. పుల్లపై వ్రాలిన ఎర్ర తూనీగ చివాలున లేచి, గాలిలోనే పురుగును పట్టి, తరచు మరల ఆ పుల్లకే వచ్చును. దాని ఒక్కొక్క కంటిలో వేలకొలది చిన్న కళ్ళు గలవు. నాలుగు రెక్కలను వేరువేరుగా ఆడింపగలదు. కనుకనే దాని గురి అరుదుగా తప్పును.

ఇది వినోదమునకై చెప్పు మాట కాదు. తూనీగ పచ్చదోమను, ఆకుముడత రెక్కల పురుగులను, మనలను కుట్టు దోమలను తినును. దాని పిల్ల నీటిలో పెరుగుచు దోమపిల్లలను తినును.

"తూనీగను నమ్ముకొన్న పంట దక్కునా?" అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. సుడిదోమ దుబ్బు మొదట దాగియుండును. అచ్చట పనిచేయునవి సాలీళ్ళు, మిరిడ్ నల్లులే. కాని నాలుగు దోమలు కనబడగానే కొట్టెడి మందు ఈ మిత్రులందరిని చంపును. తరువాత దోమ మునుపటికంటె ఉధృతమగును. ఈ కారణముననే ఇండోనేషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 పురుగుమందుల వాడకమును నిషేధించినది.

కావున ఊడ్పులలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువుడు. దుబ్బులు వంచి మొదళ్ళు చూడుడు. దోమ శాఖవారు చెప్పిన హద్దు దాటినచో, గ్రామ వ్యవసాయ సహాయకుని సలహాపై తగిన మందే, తగిన మోతాదులో వాడుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. బడిపిల్లలు తూనీగ తోకకు దారము కట్టి ఆడుచుందురు. వారిని కోప్పడక, ఒక ఉదయము గట్టుపైకి తీసికొనిపోయి అది వేటాడు తీరు చూపుడు. రేపు ఆ చేలలో మందు కొట్టవలెనో, ఆగవలెనో నిర్ణయింపవలసినవారు వారే.